ఎలమాసనాడు అవ్వకు ముక్కునయ్యాను

మా అవ్వ శివమ్మ ఎవరింటికి పోయినా గడప దగ్గర ఒక్క నిమిషం ఆగేది. మోకాళ్ల నొప్పి వల్లనని అందరూ అనుకునేవాళ్లు. కాదు, గాలి పీల్చడానికి. లోపల ఏం వండారో, పొద్దున్నే వండారో నిన్నటిదో, తను వస్తున్నదని తెలిసి ఏ గిన్నె మీద మూత పెట్టారో ఆమెకు అక్కడే తెలిసిపోయేది. తాత బతికున్న రోజుల్లో అంగడికి పోయి వస్తే ముందు ఆయన తలపాగా తీసి వాసన చూసేదట. ఎన్ని బీడీలు తాగాడో, హోటల్లో ఏం తిన్నాడో తలపాగాయే చెప్పేదట. తాత పోయి ఏడేళ్లయినా, దండెం మీద వేలాడే ఆ తలపాగాను అప్పుడప్పుడు తీసి ముక్కు దగ్గర పెట్టుకోవడం నేను చూశాను. ఇంకా ఏం పట్టుకుందామనుకుందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అందరి మీదా అనుమానమే ఆమెకు. పాలవాడి మీద సరే, ఆ మాత్రం గల్లీలో అందరికీ ఉండేది. కానీ రేడియోలో వార్తలు చదివే ఆయన మధ్యలో దగ్గినా, ఏదో దాచాడని అవ్వ తలకాయ ఊపేది. అన్నిటికంటే పెద్ద అనుమానం మా అమ్మ బాలమణి మీద. అమ్మ ఆమెకు ఒక్కగానొక్క కోడలు. పెళ్లయి వచ్చి పన్నెండేళ్లయినా, అమ్మ నవ్వితే ఎందుకు నవ్విందో, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదో అవ్వ తేల్చుకోవాల్సిందే.

"ఏమే పోరీ, మీ అమ్మ ఇయ్యాల రెండుసార్లు ఎందుకు తల దువ్వుకున్నది?" అని నన్నడిగేది.

"పేన్లున్నయ్ అవ్వా."

"పేన్లా? సూద్దాం."

నిజంగానే చూసేది. అమ్మను మెట్ల మీద కూర్చోబెట్టి, పేను కనబడేదాకా వదిలేది కాదు.

మా ఇల్లు జహీరాబాద్‌లో బొంబాయి సడక్‌కు రెండు గల్లీల వెనక ఉండేది. చేను మొగుడంపల్లి దారిలో. మాకు పెద్ద పండుగంటే ఎలమాస, చలికాలం నడుమ వచ్చే అమావాస్య. ఆ రోజు ఇంట్లో ఎవరూ తినరు. వండినదంతా బండిలో పెట్టుకుని చేనుకు పోవాలి. అక్కడ జొన్నచొప్పతో చిన్న గుడిసె కట్టి, సున్నం పూసిన ఐదు రాళ్లను పాండవులని అందులో కూర్చోబెట్టి, వాళ్లకు నైవేద్యం పెట్టాక చేలోనే భోజనాల బంతి సాగుతుంది. చుట్టాలు, పక్క చేలవాళ్లు, దారిన పోయే వాళ్లు కూడా తిని పోవాలి.

ఆ బంతికంతటికీ ప్రాణం భజ్జి. భజ్జి అంటే నూనెలో వేయించేది కాదు. కందిగింజలు, అనపగింజలు, బటానీలు, శనగాకు, మెంతాకు, ఉల్లికాడలు, వంకాయలు, ఆ రోజుకు చేలో పచ్చగా కనబడ్డదల్లా కోసుకొచ్చి, చింతపులుసులో ఉడికించి, శనగపిండి కలిపి చిక్కగా దించే కూర. దేవుడికి పెట్టకముందు దాన్ని ఎవరూ రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. అందుకని శనగపిండి పచ్చివాసన పోయిందా లేదా, అడుగు పడుతోందా, అంతా ముక్కుతోనే పట్టాలి. నలభై మందికి సరిపడే ఇత్తడి గుండిగ ముందు అవ్వ కళ్లు మూసుకుని కూర్చుని, ఆవిరి ఒక్కసారి ఎగబీల్చి, "ఇగ దించున్రి" అనేది. ఏ ఏడూ తప్పలేదు.

ఆ గుండిగలో తిప్పే కట్టె గంటె ఎవరి చేతిలో ఉంటే మా ఇంటికి వాళ్లే పెద్ద. అది అవ్వ చేతికి ఎట్లా వచ్చిందో మాలో అందరికీ తెలుసు. రాయికోడ్ దిక్కు నుంచి కోడలుగా వచ్చిన ఎనిమిదో ఏడు, ఆమె అత్త ఎల్లమ్మ చేసిన భజ్జి మాడింది. ముసలామెకు తెలియనే లేదు. చేలో అందరూ విస్తర్ల ముందు కూర్చున్నాక అవ్వ లేచి, "ఇగ నీతోని కాదత్తా, నీ ముక్కు పోయింది" అని చేతిలోంచి గంటె లాక్కుంది. ఎల్లమ్మ ఆ తర్వాత ఇంకా తొమ్మిది ఎలమాసలు బతికింది. ప్రతి ఏడూ చేనుకు వచ్చేదట. గుడిసెకు అవతల, కంది సాళ్ల వైపు ముఖం పెట్టి కూర్చుని రొట్టె, పచ్చిమిర్చి తినేదట. భజ్జి ముట్టలేదట.

ఈ కథను అవ్వే నాకు గొప్పగా చెప్పేది. నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు, ఎనభై రెండో ఎనభై మూడో, ఉన్నట్టుండి చెప్పడం మానేసింది. అప్పుడు నేనది పట్టించుకోలేదు. నాకు అనుమానం వచ్చింది బెల్లం దగ్గర.

ఆ కార్తీకంలో అవ్వకు వారం రోజులు జ్వరం, జలుబు. లేచి తిరిగింది, తిట్టడం మొదలుపెట్టింది, బాగైందనుకున్నాం. అంతకుముందు నేను గోరంత బెల్లం నోట్లో వేసుకున్నా, "ఏదీ, హా అను" అని పట్టుకునే మనిషి. అలాంటిది మూడు రోజులు వరసగా దొరకలేదు. నాలుగో రోజు కావాలని పచ్చి ఉల్లిగడ్డ నమిలి, ఆమె ఒళ్లో పడుకుని, ముఖం మీదే ఆవులించాను. అవ్వ నా తల నిమిరింది. పోలీసు నిద్రపోతే దొంగకు సంతోషం కావాలి. నాకు భయమేసింది.

మర్నాడు ఇంగువ ముక్కను గుడ్డలో మూటగట్టి ఆమె దగ్గరికి పోయాను.

"కండ్లు మూసుకోని ఇదేందో చెప్పు అవ్వా."

గట్టిగా పీల్చింది. ఇంకోసారి పీల్చింది. "ఊదుబత్తి" అంది. తర్వాత కళ్లు తెరిచి, నా చేతిలో గుడ్డను చూసి, నా ముఖం చూసింది. అంతే, చెవి పట్టుకుని వంటింటి మూలకు లాక్కుపోయింది.

"ఎవలు పంపిన్రే నిన్ను? మీ అమ్మనేనా?"

"ఎవలు పంపలే. నాకే అనుమానమొచ్చింది."

"నా మీదనే అనుమానమా?" అని చెవి ఇంకో చుట్టు మెలేసింది. అయినా ఆ గొంతులో కొంచెం సంబరం కూడా వినబడింది, మనవరాలు తన పోలికేనని.

తర్వాత చెవి వదిలి, గోడకు ఆనుకుని కూర్చుంది. "మీ అమ్మకు తెల్సిందనుకో, ఎలమాసనాడు నలుగురి ముంగట గంటె గుంజుకుంటది" అంది. "గుంజుకోకుంటె ఎట్ల? నేను గుంజుకోలేదా? నేను కూడ గుడిసె ఎనుక కూసోవాలె ఇగ."

"అమ్మ అట్ల చెయ్యది అవ్వా."

"నేను కూడ చెయ్యననే అనుకున్నది మా అత్త."

అక్కడే ఒప్పందం కుదిరింది. ఎలమాసనాడు నేను పొయ్యి దగ్గర కూర్చోవాలి. శనగపిండి ఇంకా పచ్చిగా ఉంటే ఒకసారి దగ్గాలి. దించే వేళకు రెండుసార్లు. మాడితే మూడు. దానికి బదులు, బెల్లం డబ్బా మూత ఎవరు తీశారని అవ్వ నెల రోజులు అడగనంది. నేను రెండు నెలలు అడిగాను, నెలన్నర దగ్గర తెగింది.

ఎలమాస రానే వచ్చింది. ముందు రోజే సజ్జ రొట్టెలు నువ్వులద్ది కాల్చి, బట్టలో చుట్టి గంపకెత్తారు. జొన్న అంబలి కుండలో పోశారు. తెల్లవారి మా నాన్న బస్వరాజ్ గుడిసె కట్టడానికి సైకిల్ మీద చేనుకు పోయాడు. బీదర్ బస్సులో చిన్నతాత మహాదేవప్ప వచ్చి, ఇంటికి రాకుండా నేరుగా చేనుకే పోయాడని కబురొచ్చింది. ఆయన మా తాతకు తమ్ముడు, బడిపంతులు పని చేసి దిగిపోయినవాడు. ఎల్లమ్మ చేతిలోంచి గంటె లాక్కున్న రోజు ఆయనకు పన్నెండేళ్లు. ఎల్లమ్మ ఆయనకు తల్లి.

పెరట్లో మూడు రాళ్ల మీద గుండిగ ఉడుకుతోంది. అవ్వ గంటె తిప్పుతోంది. నేను పక్కన కూర్చుని, గుండిగ మెడకు కట్టడానికి చేమంతులు గుచ్చుతున్నాను. అయిదు పూలకొక పచ్చి శనగ కొమ్మ, కాయలు బయటికి కనబడేటట్టు. ఆ వరస తప్పితే అవ్వ దండంతా తెంపి మళ్లీ గుచ్చమనేది. శనగపిండి పోశాక ఆవిరి పీల్చి ఒకసారి దగ్గాను.

"జలుబు చేసిందా బిడ్డా?" అంది అమ్మ, అటు పోతూ.

"చెయ్యలే."

అవ్వ నా వైపు గుడ్లురిమింది.

అప్పుడు గోడ అవతల నుంచి కులసుం చాచీ అమ్మను పిలిచింది. చాచీ మా పక్కింటామె. అమ్మ గబగబా పోయి గోడ మీదికి వంగింది. ఇద్దరూ గుసగుసలాడుతున్నారు. అవ్వ గంటె ఆగిపోయింది.

"పండుగనాడు గంత మెల్లగ ఏం మాట్లాడుతున్నరే?" అంది.

"ఏమో అవ్వా."

"పోయి ఇను."

"అవ్వా, భజ్జి..."

"నేనున్నగద! ఉరుకు."

ఆ క్షణాన అవ్వ తన ముక్కును తీసి చెవి పనికి పంపిందన్న సంగతి ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

కట్టెల మోపు వెనక నక్కి విన్నాను. చాచీ ఒక చిన్న పొట్లం అమ్మ చేతిలో పెట్టింది. "మీ అత్తకు తెలవొద్దు అంటివి కదా, అందుకే ఎవ్వరికి చెప్పలే. పొద్దుగాల ఒకసారి, పండుకునేటప్పుడు ఒకసారి" అంది.

"ఎట్ల ఇయ్యాల్నో నాకే సమజైత లేదు చాచీ" అని అమ్మ ఆ పొట్లం నడుములో దోపుకుంది.

ఇంకా వినాలని ముందుకు వంగేసరికి అమ్మ తల ఒక్కసారి పైకి లేచింది. ముక్కుపుటాలు అదిరాయి. పరుగెత్తింది. అప్పుడు నాకూ తగిలింది, మాడు వాసన.

నేను పోయేసరికి అమ్మ మండే కట్టెలను ఉత్త చేతులతో బయటికి లాగుతోంది. నిప్పు మీద చెంబెడు నీళ్లు చల్లింది. అవ్వ గంటె ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది.

"నా పొయ్యి ఎందుకు ఆర్పినవే?"

అమ్మ గుండిగలోకి ఒకసారి తొంగి చూసింది. "గుండిగ బరువైతదత్తా, బండి మీదికి ఎక్కియ్యరాదు. పైది పైది ఇంకో గుండిగల పోస్త" అంది. గుండిగ అడుగు కదలకుండా, పైనున్న భజ్జిని చెంబుతో జాగ్రత్తగా తీసి వేరే గుండిగలో పోసింది. కింద నల్లగా అంటుకున్నదాన్ని నీళ్లు పోసి పక్కకు పెట్టింది. వేళ్లు కాలి ఎర్రబడ్డాయి. పసుపు రాసుకుని రొట్టెల గంప వైపు పోయింది.

నేను మూడుసార్లు దగ్గాను.

అవ్వ నా వైపు చూసిన చూపులో తిట్టు లేదు. మెల్లగా కిందికి కూర్చుంది.

బండి బయలుదేరింది. అమ్మ ముందు, గంపల మధ్య కూర్చుంది. అవ్వ, నేను వెనక. చెరుకు బండ్లు ఎదురొస్తున్నాయి, మా ఎద్దులు పక్కకు తప్పుకుంటున్నాయి. ఈ చప్పుడులో అవ్వ నా చెవిలో అడిగింది: "దానికి మాడు వాసన తెల్సిందా?"

"తెల్సే ఉరికొచ్చింది."

"మరి ఏమనలేదేందే? బరువన్నది. నా ముంగట బరువని ఎందుకు అన్నది?"

నేను పొట్లం సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అవ్వ ముఖం పాలిపోయింది.

"మందు" అంది.

మా దిక్కు మందు పెట్టడమంటే జ్వరానికిచ్చే మందు కాదు. తిండిలో ఏదో కలిపి మనిషిని తమ మాట వినేటట్టు చేసుకోవడం. అవ్వ దగ్గర అలాంటి కథలు చాలా ఉండేవి. వాళ్ల మేనత్తకు కోడలు మందు పెట్టిందట. మర్నాటి నుంచి ఆ మేనత్త కోడలిని "అమ్మా, అమ్మా" అని పిలుస్తూ వెంట తిరిగిందట. అవ్వ లెక్కలో చావు దానికంటే నయం.

"పొద్దుగాల ఒకసారి, పండుకునేటప్పుడు ఒకసారి" అని అవ్వ ఆ మాట మళ్లీ మళ్లీ అనుకుంది. "గంటె గుంజుకుంటదనుకున్న. నాతోనే ఇప్పిచ్చుకుంటదట."

చేలో నాన్న చొప్ప గుడిసె కట్టి పెట్టాడు. అవ్వ దిగీ దిగగానే దాన్ని చుట్టూ తిరిగి చూసి, ఒక పక్క వంగిందని రెండు కట్టలు విప్పించి మళ్లీ కట్టించింది. పేడనీళ్లు చల్లి ముగ్గు వేసింది. ఐదు రాళ్లకు సున్నం పూసి కుంకుమ పెట్టింది. భజ్జి గుండిగ మెడకు నా చేమంతి దండ కట్టి, దాని కుడి పక్క అంబలి కుండ, ఎడమ పక్క రొట్టెల గంప, ముందు నువ్వుల ఉండలు, అంచున బంతిపూలు పేర్చింది. నల్ల గొంగళ్లు పరిచి, మోదుగు విస్తర్లు ఒకే గీత మీద వేయించింది. కాలిన వేళ్లతో అమ్మ పూలు అందిస్తుంటే, ఒక్కొక్క పూవును తిప్పి చూసి మరీ తీసుకుంది. పూవులో మందేం పడుతుంది? అడిగాను.

"నీకేమెరుక, నోర్మూసుకో" అంది.

పూజయింది. చేను చుట్టూ అంబలి చల్లి వచ్చారు. అందరూ కూర్చున్నారు. పక్క చేను ఉస్మాన్ చాచా కూడా పిల్లలతో వచ్చి ఒక పక్క కూర్చున్నాడు. అవ్వ తన విస్తరి తీసి నా ముందు పెట్టి, నాది తను తీసుకుంది. అమ్మ అటుగా వచ్చి నీళ్లు పోసింది. అవ్వ మళ్లీ విస్తర్లు మార్చింది. చెంబు కూడా మార్చాలని చూసింది కానీ నేను అప్పటికే నీళ్లు తాగేశాను. అవ్వ కాసేపు నా కళ్లలోకి చూస్తూ కూర్చుంది, నేను అమ్మ వెంట తిరగడం మొదలుపెడతానేమోనని.

తర్వాత లేచి, ప్రతి ఏడూ లాగే తన చేత్తోనే గంటెతో భజ్జి వడ్డించింది. మొదటి గంటె చిన్నతాతకు. మొదటి ముద్ద ఆయనే తినాలి. తిని, కళ్లు మూసుకుని, తెరిచి, "కానియ్యిన్రి" అంటే గాని ఎవరూ తినరు. బడిపంతులుకు అలవాటైన మర్యాద అది.

ఆ రోజు ఆయన కళ్లు తెరవడానికి చాలాసేపు పట్టింది.

"అడుగంటింది" అన్నాడు. "పొయ్యి కాడ ఎవలున్నరు?"

గట్టిగా అనలేదు. అయినా బంతి మొత్తానికీ వినబడింది. అందరి కళ్లూ అమ్మ మీదికి పోయాయి. ఆమె చేతి వేళ్లకు పసుపు ఉంది, కొంగుకు మసి ఉంది. నాన్న తల ఎత్తి, "ఏమైందే, జర సూస్కోవద్దా?" అన్నాడు. అమ్మ రొట్టెల గంప నడుముకు ఆనించుకుని, కింది పెదవి కొరుక్కుని నిలబడింది. ఒక్క మాట మాట్లాడలేదు.

అవ్వ కూడా మాట్లాడకుండా ఉంటే చాలు. తప్పు అమ్మదవుతుంది, గంటె అవ్వ దగ్గరే ఉంటుంది. ఇంకో పదేళ్లయినా ఉంటుంది.

అవ్వ నా పక్కకు వంగింది. "ఇది ఎందుకు సప్పుడు చేస్తలేదే?"

"ఏమో."

"మాడవెట్టింది నేనని దానికి ఎరుక. ఎరుకై కూడ నోరు మూసుకున్నది. ఎందుకు? రేపటి సంది నేను దాని ముంగట తలొంచుకోని తిరగాలె. దినాం నా మొకం సూసి లోపల లోపల నవ్వుకుంటది. మందు కంటె ఇది పెద్ద మందు." గంటె గట్టిగా పట్టుకుంది. "నేను తినను దీని ఉపకారం."

నిటారుగా నిలబడి, గంటెతో గుండిగ అంచును టంగుమని కొట్టింది.

"దాని దిక్కు సూస్తరేంది అందరు? మాడవెట్టింది నేను. కార్తీకం సంది నాకు వాసన తెలుస్తలేదు. ఇంగువకు ఊదుబత్తికి ఫరక్ తెలుస్తలేదు. సాలా?"

ఉస్మాన్ చాచా తల దించుకున్నాడు. నాన్న చేతిలో రొట్టె అట్లాగే ఉండిపోయింది. అవ్వ ఎవరినీ చూడలేదు, చిన్నతాతనే చూస్తోంది. ఆయన రొట్టె తుంపి భజ్జిలో అద్ది, నోట్లో పెట్టుకుని నమిలాడు.

"మా అమ్మ ఆఖరుసారి చేసింది కూడ గిట్లనే ఉండె" అన్నాడు. "ఆనాడు నేను రెండుసార్లు ఏస్కున్న. మీరెవ్వరు సూడలే." విస్తరి ముందుకు జరిపాడు. "ఇంకో గంటె ఎయ్యి వదినా."

అవ్వ వేసింది. సగం గొంగడి మీద పడింది. ఆయన దాన్ని కూడా తీసుకుని తిన్నాడు. అది చూసి అందరూ తినడం మొదలుపెట్టారు.

అవ్వ అక్కడితో ఆగి ఉంటే ఆమె శివమ్మ ఎట్లవుతుంది? అమ్మ వైపు తిరిగింది.

"ఇగ తియ్. నడుముల దాసిన మందు తియ్. ఎందుకు తెచ్చినవో అందరి ముంగట చెప్పు."

అమ్మ గంప కింద పెట్టి, నా వైపు ఒక చూపు చూసి, పొట్లం తీసి విప్పింది. వాము, కర్పూరం, ఇంకేదో బెరడు పొడి.

"చాచీ తమ్ముడు దవాఖానల కంపౌండర్" అంది. "ముక్కు పని చెయ్యకపోతే దీన్ని మూటగట్టి పీల్చాలంట. కార్తీకంల ఒకనాడు పాలు పొంగి మాడి ఇల్లంత పొగైతే, నువ్వు పక్కనే కూసోని వత్తులు చేసుకుంటున్నవత్తా. అప్పటిసంది ఎరుక నాకు."

"మరి నాతో ఎందుకనలే?"

"నేనంటే నమ్ముతవా?"

చిన్నతాతే ముందు నవ్వాడు. తర్వాత బంతి అంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు. ఆ పొట్లం ముందు నాతో వాసన చూపించింది, తర్వాత అమ్మతో చూపించింది, ఇద్దరమూ చావలేదని తేల్చుకుని అప్పుడు తను పీల్చింది. రెండుసార్లు పీల్చింది.

"ఏం లేదు" అంది. "వాసన తెలవనోళ్లకు వాసన మందా? వాని తలకాయల గుజ్జు లేదు." అయినా పొట్లం మడిచి తన రొంటిన దోపుకుంది.

తర్వాత అమ్మకు బాగా దగ్గరగా పోయి నిలబడింది. "ఒక్క మాట నిజం చెప్పు. గంటె కావాల్నా నీకు, వద్దా?"

అమ్మ ముఖం తిప్పలేదు. "కావాలె" అంది. "పన్నెండేండ్ల సంది కావాలె."

నాకు తెలిసి అమ్మ మాటను అవ్వ నమ్మడం అదే మొదటిసారి. గంటెను తన కొంగుతో తుడిచి, పిడి అమ్మ వైపు ఉండేటట్టు పట్టుకుని ఇచ్చింది. ఇచ్చి, తన విస్తరి తీసుకుంది. ఎటు పోతుందా అని నేను చూశాను. ఒకసారి గుడిసె అవతలి కంది సాళ్ల వైపు చూసింది. తర్వాత వచ్చి, చిన్నతాత పక్కన ఉన్న ఖాళీలో కూర్చుని, "నాకు కూడ ఎయ్యవే, ఎంత మాడిందో సూస్త" అంది.

అమ్మ వేసింది. అవ్వ విస్తరి ఖాళీ చేసింది.

పొద్దు వాలుతుండగా ఇంటి దారి పట్టాం. బండిలో చిన్నతాత, గుండిగలు, నిద్రపోయే పిల్లలు. అమ్మ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని ముందు నడుస్తోంది, గంటె చేతిలో ఉంది. అవ్వ, నేను వెనక. రెండు ఫర్లాంగులు పోయాక అవ్వ నా వీపు మీద పొడిచింది.

"ఉరికిపోయి దాని మొకం సూసి రా. నవ్వుతుందా?"

ఉరికి పోయాను. అమ్మ నవ్వడం లేదు. పెదవులు కదుపుతూ ఏదో లెక్క పెట్టుకుంటోంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, పొయ్యి కాడ నువ్వే ఉంటివి కద. గుండిగకు ఉప్పు ఎన్ని పిడికిళ్లేసింది? గంటె ఇచ్చింది గని ఇదొక్కటి చెప్పలే. అడిగితే తంతది. వచ్చే ఏడు నలభై మంది ముంగట నా బతుకేంగానో."

నేను చూడలేదు, నా కళ్లు చేమంతుల మీద ఉన్నాయి. వెనక్కి వచ్చాను.

"నవ్వుతుందా?" అంది అవ్వ.

"లేదవ్వా. భయపడుతుంది. ఉప్పెంతనో తెలవదంట."

అవ్వ పది అడుగులు హాయిగా నడిచింది. మోకాళ్ల నొప్పి కూడా గుర్తొచ్చినట్టు లేదు.

"నాలుగు పిడికిళ్లని చెప్పు పో" అంది. నేను ఉరకబోతే జడ పట్టి ఆపింది. "ఆగు. నాలుగు నా పిడికిలితోని. దాని చెయ్యి పెద్దది, మూడున్నర సాలు. నేను చెప్పిన్నని చెప్పకు. నువ్వే సూసినవని చెప్పు."